నడుముల బొంత

యుద్ధం సరిహద్దులో జరుగుతుందని నమ్మేవారు సరిహద్దు చూసినవారే తప్ప దర్జీ కొట్టు చూసినవారు కారు. అసలు యుద్ధం మనిషి నడుము దగ్గర జరుగుతుంది. ఈ సత్యాన్ని మన ప్రభుత్వం ప్రపంచంలో అందరికంటే ముందు గ్రహించి, యుద్ధం వచ్చిన రెండో శీతాకాలంలో ‘నడుము సవరణ ఉత్తర్వు’ జారీ చేసింది. పదకొండు పేజీల ఆ ఉత్తర్వు సారాంశం మూడు మాటలే: బట్టలో బట్ట దాచరాదు.

రేషను మొదలయ్యాక మా వీధివాళ్లం అందరం చిక్కిపోయాం. (అధికారికంగా ఎవరూ చిక్కలేదు. ‘చురుకైన ఆకృతికి చేరుకున్నాం.’) మనుషులు తగ్గినంత తొందరగా ప్యాంట్లు తగ్గవు కాబట్టి, వాటిని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో తలుపు కొట్టి, గుండీలక్క ముందు నిలబడేవాళ్లం. గుండీలక్క మా మేడ మెట్ల కింది గదిలో పాతబట్టలు సవరించే దర్జీ. ఏ పని మీద వెళ్లినా ముందు తెగిన గుండీ కుట్టి, తర్వాతే సంగతేమిటని అడిగేది. అందుకే ఆ పేరు.

బట్ట బిగించేటప్పుడు మిగిలినదాన్ని కత్తిరించకుండా లోపలికి మడిచి కుట్టడం మంచి దర్జీ లక్షణం. రేపు ఒళ్లొస్తే కుట్టు విప్పుకోవచ్చు. సర్కారువారు ఈ మడతకు ‘గృహస్థాయి అక్రమ నిల్వ’ అని పేరు పెట్టారు. ఇకపై మిగులును కత్తిరించి, సైన్యానికి అవసరం పడేదాకా దర్జీ దగ్గరే భద్రపరచాలన్నారు. (రెండు వేళ్ల వెడల్పు ముక్కలు సైన్యానికి ఎందుకో ఉత్తర్వులో రాయలేదు. రాస్తే శత్రువుకు తెలిసిపోతుంది.)

గుండీలక్క కత్తిరించింది. కానీ ముక్కల్ని సంచిలో పడేయలేదు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి బొంతలా కుడుతూ పోయింది. ప్రతి ముక్క మూలా ఒక చిన్న గుర్తు: డాక్టరుగారి ముక్క మీద చెంచా, పాలబూతు ముసలాయన ముక్క మీద సీసా, పత్రికలకు రాసే నా బూడిదరంగు ప్యాంటు ముక్క మీద కలం. కుడుతుండగా సైరన్ మోగితే, సూది ఎక్కడ ఆగిందో అక్కడ ఒక ఎర్ర ముడి వేసి సెల్లారులోకి పరుగెత్తేది. రొట్టె దొరక్కుండా తిరిగొచ్చిన రోజు, క్యూలో ఎంతమంది ఉంటే అన్ని తెల్ల టాకాలు వేసేది. ఒక వారమంతా బొంత మీద తెల్ల చీమల బారే.

“ఎందుకక్కా ఇంత ఓపిక?” అని అడిగాను ఒకసారి.

“విడివిడిగా ఉంటే కలగాపులగం అయిపోతాయి తమ్ముడూ. రేపు అందరికీ ఒళ్లొస్తుంది. అప్పుడొచ్చి నా నడుము నాకివ్వమంటే ఎవరిది ఏదని వెతకను? ఇలాగైతే కుట్టు విప్పి ఎవరిది వాళ్లకి ఇచ్చేస్తా.”

రేపు అందరికీ ఒళ్లొస్తుందన్న మాట ఆ రోజుల్లో ఆమె ఒక్కతే అనేది. అందుకోసమే సగంమంది ఆ గదికి వెళ్లేవాళ్లం. నేనూ వెళ్లేవాణ్ణి, చెప్పడానికి సిగ్గెందుకు.

ఆ బొంత మంచం దాటి గుమ్మం దాకా వచ్చిన రోజున బట్టల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మర్యాదస్తుడు, కాళ్లు తుడుచుకుని లోపలికి అడుగుపెట్టాడు. టేపు తీసి పొడుగూ వెడల్పూ కొలిచి, జాతీయ నిల్వను ముక్కలుగా భద్రపరచడం విధి అనీ, ముక్కల్ని కలిపి కుట్టడం వినియోగం కిందకు వస్తుందనీ, వినియోగం నేరమనీ చెప్పి, బొంతను మడవడం మొదలుపెట్టాడు. గుండీలక్క రెండో అంచు పట్టుకుని వదల్లేదు.

అప్పుడు నేను నోరు తెరిచాను. నా జీవితంలో నేను చేసిన పెద్ద తప్పులన్నీ ఇలాగే మొదలయ్యాయి.

“అది బొంత కాదండీ, కళాఖండం.”

ఇన్‌స్పెక్టరు ఆగిపోయాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి పేజీలు తిప్పాడు. కళకు మినహాయింపు ఉంది. అంచు వదిలేసి, నమస్కారం పెట్టి, కళల శాఖకు కబురు పంపుతానని వెళ్లిపోయాడు. గుండీలక్క నా కోటుకు లేని గుండీ కూడా ఒకటి కుట్టింది. నేను వారం రోజులు వీధిలో తలెత్తుకుని తిరిగాను.

ఎనిమిదో రోజున యుద్ధకాల కళల శాఖ ఉపసంచాలకురాలు వచ్చింది. బొంత ముందు చాలాసేపు నిలబడి కళ్లు తుడుచుకుంది. (అది నటన కాదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఆవిడ మంచి మనిషి. ఆ శాఖలో అందరూ మంచివాళ్లే. అందుకే ఎవరినీ ఏమీ అనలేకపోయాం.) దేశం ఇలాంటి కృతి కోసమే ఎదురుచూస్తోందని చెప్పి, ఎనిమిది ఫారాల మీద గుండీలక్క చేత సంతకాలు పెట్టించి, తెల్ల చేతితొడుగులు వేసుకున్న ఇద్దరు మనుషుల చేత బొంతను మోయించుకుపోయింది.

“మళ్లీ ఎప్పుడిస్తారండీ?” అని గుండీలక్క వ్యాను దాకా వెళ్లి అడిగింది.

“ఇవ్వడమేమిటమ్మా, ఇంక అది అందరిదీ,” అంది ఆవిడ ఆప్యాయంగా.

ప్రదర్శనశాలలో బొంతను గాజు పెట్టెలో పెట్టి ‘సమృద్ధి’ అని పేరు పెట్టారు. ఇంత బట్ట మిగిలిందంటే ప్రజలకు ఏ లోటూ లేదన్నది శాఖ వివరణ. ఎర్ర ముడులు ప్రజల ఉత్సాహానికి, తెల్ల టాకాలు సంతానాభివృద్ధికి సంకేతాలని కరపత్రంలో వేశారు. బట్ట ముడుచుకుపోకుండా హాలును పగలంతా వెచ్చగా ఉంచేవారు. మా ఇళ్లలో బొగ్గు లేదు కాబట్టి అందరం రోజూ వెళ్లి కళను ఆస్వాదించేవాళ్లం. అద్దానికి అటువైపు మా నడుములూ, ఇటువైపు మేమూ. ముట్టుకోరాదని బోర్డు ఉండేది. ఎవరి గుర్తు వాళ్లు వెతుక్కుని, చూసుకుని, కాస్త కాళ్లు వెచ్చబడ్డాక ఇళ్లకు వచ్చేవాళ్లం.

ఇంతలో మా వీధిలో ఒక నడుము పెరిగింది.

అది గుండీలక్క కూతురిది. సిటీ బస్సు కండక్టరు. మొగుడు సైన్యంలో ఉన్నాడు. పది రోజులు సెలవు మీద వచ్చి వెళ్లాడు. అయిదో నెల వచ్చేసరికి యూనిఫాం కోటు ఆరు గుండీల్లో కింది రెండూ పట్టలేదు. ఆ కోటు బిగించినప్పుడు తీసిన రెండు నీలం ముక్కలూ ‘సమృద్ధి’ మూడో వరసలో, బస్సు టిక్కెట్టు గుర్తుతో, గాజు వెనక ఉన్నాయి. గుండీ పెట్టని కండక్టరు డ్యూటీలో లేనట్టేనని డిపో నియమం. కోటుకు వేరే బట్ట అతికితే అది వేరే కోటని మరో నియమం. డ్యూటీ లేకపోతే డ్యూటీ కార్డు లేదు. కార్డు లేకపోతే కడుపుతో ఉన్నవాళ్లకిచ్చే పావు లీటరు పాలు లేవు.

“వారం రోజులు టిక్కెట్ల సంచి అడ్డం పెట్టుకుని నెట్టుకొచ్చానమ్మా. డిపో మేనేజరు చూసేశాడు. నెలాఖరు దాకా టైమిచ్చాడు,” అంది కూతురు.

“రెండు ముక్కలేగా. నేనే ఇచ్చాను, నేనే అడిగి తెచ్చుకుంటా,” అంది గుండీలక్క. సూది, దారం, చిన్న కత్తెర సంచిలో వేసుకుని బయల్దేరింది. తోడుగా నేనూ వెళ్లాను.

కళల శాఖలో నాలుగో కిటికీ దగ్గర గుమాస్తా ఫారం ముందుకు లాక్కున్నాడు.

“కృతిలో భాగం వెనక్కి కోరడానికి కారణం?”

“మా అమ్మాయి కోటు చాలట్లేదండీ.”

“ఎందుకు చాలట్లేదు?”

“ఒళ్లు చేసింది.”

గుమాస్తా కలం కింద పెట్టాడు. “యుద్ధకాలంలో ఒళ్లు చేయడానికి అనుమతి తీసుకున్నారా?”

“కడుపుతో ఉంది బాబూ!”

“అలా చెప్పండి. అయితే అది తాత్కాలిక లావు,” అని తేలిగ్గా ఊపిరి పీల్చుకుని రాసుకున్నాడు. “తాత్కాలిక లావు కోసం శాశ్వత కళను విప్పడం కుదరదమ్మా. ప్రసవం అయ్యాక రండి, అప్పటికీ అవసరం ఉంటే చూద్దాం.”

గుండీలక్క కిటికీ చువ్వలు పట్టుకుంది. “అప్పుడు నాకెందుకయ్యా ఆ ముక్కలు? పిల్లకి పాలు ఇప్పుడు కావాలి. రెండు వేళ్ల బట్ట. నేనే విప్పుకుంటా, మళ్లీ కనబడకుండా కుట్టేస్తా. నా బిడ్డ బట్ట నాకివ్వడానికి మీకేం నొప్పి?” ఆమె గొంతు పెరగడం నేను ముందెప్పుడూ వినలేదు. క్యూలో వెనకున్నవాళ్లు తలలు దించుకున్నారు. గుమాస్తా కూడా దించుకున్నాడు. కానీ ‘తిరస్కృతం’ అన్న ముద్ర మాత్రం వేశాడు.

ఇంటికొచ్చాక నాలో రచయిత మేల్కొన్నాడు. నేరుగా ఉపసంచాలకురాలికే అర్జీ రాస్తానన్నాను. మూడు పేజీలు రాశాను. పాల సంగతి రాస్తే బిచ్చమడిగినట్టు ఉంటుందనిపించి వదిలేశాను. కళాహృదయానికి తగిలేలా రాయాలని, కోటు నుంచి ముక్కను వేరుచేయడం తల్లి నుంచి బిడ్డను వేరుచేయడమేననీ, రెండూ కలిసి ఉంటేనే కృతికి నిండుదనమనీ, ఈ ఎడబాటును శాఖ వెంటనే తొలగించాలనీ రాశాను. చదివి వినిపిస్తే గుండీలక్క, “నాకు సగం అర్థం కాలేదు గానీ బాగానే ఉన్నట్టుంది తమ్ముడూ,” అంది. ఆ మాటకు పొంగిపోయాను.

జవాబు నాలుగో రోజునే వచ్చింది. అంత తొందరగా ఏ శాఖా జవాబివ్వదు. విప్పి చదివాను. అర్జీదారు వాదన న్యాయమైనదే. శాఖ ఏకగ్రీవంగా ఆమోదించింది. ముక్కలూ కోటూ ఒకేచోట ఉండవలసినవే. కనుక సదరు కోటును మూడు రోజుల్లోగా ప్రదర్శనశాలకు అప్పగించవలెను.

చేతితొడుగుల మనుషులు మర్నాడే వచ్చారు. కూతురు కోటు విప్పి ఇచ్చేముందు జేబులోంచి టిక్కెట్లు చింపే రబ్బరు వేలితొడుగు, సగం తిన్న బిస్కెట్టు తీసుకుంది. గుండీలక్క నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కోటు లేని కండక్టరు ప్రయాణికురాలితో సమానమని డిపోవారు రాసి, డ్యూటీ కార్డు వెనక్కి తీసుకున్నారు. పాలబూతు ముసలాయన ఇకనుంచి తన సీసాలోంచి సగం పోస్తానన్నాడు. ఆ సీసాలో ఉండేదే సగం.

ప్రదర్శనశాలలో నీలం ముక్కలు రెండూ విప్పి, శాఖ నిపుణులు కోటుకు తిరిగి కుట్టారు. బొంతను విప్పడం కుదరదన్న మాట అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు. కోటును ఒక చెక్కబొమ్మకు తొడిగి బొంత పక్కనే గాజు పెట్టెలో నిలబెట్టారు. బొమ్మది సన్న నడుము. కోటు సంచిలా వేలాడింది. ఇది ‘సమృద్ధి’ భావానికి భంగమని ఉపసంచాలకురాలు బాధపడి, ఆ కోటును బాగా ఎరిగిన దర్జీ చేతనే బొమ్మకు సరిపడా బిగించాలని ఉత్తర్వు పంపింది.

గుండీలక్క వెళ్లింది. మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చి, మిషను మీద గుడ్డ కప్పి, స్టూలు మీద కూర్చుంది. పని ఎలా కుదిరిందని అడిగాను.

“కుదిరింది తమ్ముడూ,” అంది. “ఆరు గుండీలూ పట్టాయి.”