పికప్ ట్రక్కులో సామాను వేసిన కేసు

మా వీధిలో పికప్ ట్రక్కు కొనదలచినవారు ముందుగా ట్రక్కు యజమానుల సంఘం ఎదుట హాజరై, అనుభవజ్ఞుల అభిప్రాయాలు విని, ఆ తర్వాతే కొనవలెనని నియమం. మంచి నియమం. పెళ్ళిళ్ళకు కూడా ఇలాంటిది ఒకటి ఉంటే బాగుండునని చాలామంది సభ్యులు నాతో చెవిలో చెప్పారు.

సంఘానికి అధ్యక్షులు పళ్ళ డాక్టరుగారు. కార్యదర్శి ట్యుటోరియల్ కాలేజీ ప్రిన్సిపాలుగారు. మినిట్స్ రాసేది నేను. నాకు అప్పటికి బండి లేదు. చేతిరాత గుండ్రంగా ఉంటుందని పెట్టుకున్నారు.

ఒక ఆదివారం కళ్ళజోళ్ళ దుకాణం ఆయన సంఘం ఎదుట హాజరయ్యాడు. ఇరవై రెండేళ్ళుగా ఆయన ఊళ్ళోవాళ్ళ చూపు సరిచేస్తున్నాడు. కొత్త జోడు పెట్టుకున్న ప్రతివాడూ ఆయన భుజం మీదుగా అద్దంలో తన మొహం చూసుకుని వెళ్ళిపోయేవాడే తప్ప, ఆయన వంక చూసినవాడు లేడు. బస్సులో ఆయన కాలు తొక్కినవాళ్ళు సారీ కూడా చెప్పేవారు కాదు. కాలు ఎవరిదో తెలిస్తే కదా! అటువంటి మనిషికి పికప్ ట్రక్కు అవసరమని మేమందరం వెంటనే ఒప్పుకున్నాం.

"మూడేళ్ళయింది నేను తీసుకుని," అన్నారు అధ్యక్షులవారు. "అద్భుతమైన బండండీ. వెనక తొట్టిలో తొమ్మిది వందల కేజీలు పడుతుంది."

"మీరేం వేశారండీ?" అని అడిగాడు కళ్ళజోళ్ళాయన.

అధ్యక్షులవారు నవ్వారు. పన్ను పీకేముందు నవ్వే నవ్వు అది. "వేయడమేంటి? పడుతుంది అంటున్నాను."

కార్యదర్శిగారు లేచి తన అనుభవం చెప్పారు. "ఎంత నిటారు కొండైనా ఎక్కేస్తుందండీ. మన చుట్టుపక్కల కొండ లేదనుకోండి. అయినా ఎక్కగలదన్న ధైర్యం ఉంటుంది చూశారూ, ఆ ధైర్యంతో కాలేజీకి వెళ్తుంటే ఆ తీరే వేరు. మోకాటి లోతు నీళ్ళలో కూడా పోతుంది." వాన పడితే కార్యదర్శిగారు బండి బయటికి తీయరు. చక్రాలకు బురదవుతుంది.

చివర్న తాపీ మేస్త్రీ చెయ్యెత్తాడు. సభ్యులందరిలో పాత బండి ఆయనదే. దాని నిండా ఎప్పుడూ ఇసుకో, సిమెంటో, పలుగూ పారలో ఉంటాయి. "ఈ కొత్త బళ్ళ తొట్టి మరీ ఎత్తుగా ఉందండీ. బస్తా ఎక్కించాలంటే నడుం విరిగిపోతుంది. కొనేముందు ఒక బస్తా ఎత్తి చూసుకోండి," అన్నాడు.

వస్తువును వాడేవాడికి దాని మీద పక్షపాతం ఏర్పడుతుంది కనుక, ఆయన అభిప్రాయాన్ని రికార్డు చేయనక్కర్లేదని అధ్యక్షులవారు నన్ను ఆదేశించారు. నేను రాయలేదు.

రంగు ఎంచుకోవడానికి ఆరు వారాలు పట్టింది. 'కొండగాలి బూడిద'కూ 'తుఫాను బూడిద'కూ మధ్య కళ్ళజోళ్ళాయన నలిగిపోయాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటే రంగు. కానీ చూపు తెలిసిన మనిషి కదా, తేడా ఆయనకు తెలిసింది. తుఫాను తీసుకున్నాడు.

బండి వచ్చింది. ఇంటి ముందున్న జాగా కన్నా మూడడుగులు పొడుగొచ్చింది. బండిని కురచ చేయడం కుదరదని కంపెనీవారు ఎంతో మర్యాదగా తెలియజేశారు. అందుచేత ఇంటిని కురచ చేశారు.

ఆ ముందుగదిలో ఆయన భార్య రెండు మిషన్లు పెట్టుకుని స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఆయన చెల్లెలు కాజాలూ బొత్తాలూ చూస్తుంది. మేస్త్రీ వచ్చి గోడ పడగొట్టి, మూడడుగులు లోపలికి జరిపి కట్టాడు. బట్ట కత్తిరించే బల్ల గదిలో పట్టక అటకెక్కింది. ఆవిడ మంచం మీద పరుచుకుని కత్తిరించడం నేర్చుకుంది.

"అన్నయ్యా, ఇంకో మూడడుగులు జరిపిస్తే మనం ముగ్గురం బండిలోనే కాపురం పెట్టేయొచ్చు," అంది చెల్లెలు.

"దానికీ వీలుంది. సీట్లు వెనక్కి వాలతాయి," అన్నాడు ఆయన మనస్ఫూర్తిగా.

ఆయన జీవితం మారిపోయింది. పూర్వం దుకాణానికి ఏడు నిమిషాలు నడిచి వెళ్ళేవాడు. ఇప్పుడు అరగంటలో చేరుకుంటున్నాడు. దుకాణం ముందు అంత బండి పట్టదు కాబట్టి దాన్ని నాలుగు వీధుల అవతల మైదానం పక్కన ఆపి, అక్కడినుంచి పద్నాలుగు నిమిషాలు నడుస్తాడు. దారిలో తన ఇల్లే తగులుతుంది. ఒక్కోసారి లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగి వస్తాడు. కానీ ఆ ఎత్తైన సీట్లో కూర్చున్నంతసేపూ అందరూ ఆయనకు దారిచ్చేవారు. బస్సులు కూడా ఆగేవి. "జనం నన్ను చూస్తున్నారు తెలుసా?" అని భార్యకు రెండుసార్లు చెప్పాడు. ఆవిడ ఆ రోజు గోడ సంగతి ఎత్తలేదు.

స్కూళ్ళు తెరిచే ముందు ఆవిడకు బట్ట తాన్లు తెచ్చుకోవలసి వచ్చింది. కళ్ళజోళ్ళాయన స్వయంగా పూనుకుని మూడు చక్రాల ట్రాలీ మాట్లాడాడు. తాన్లన్నీ ట్రాలీలో వేయించి, దాని వెనకాలే తన ట్రక్కును ఖాళీగా, నాలుగు మూలలా లైట్లు మినుకుమినుకుమనేలా వేసుకుని, ఇంటిదాకా కాపలా వచ్చాడు.

"చూశావా, బండి ఎంత పనికొచ్చిందో!" అన్నాడు దిగుతూ.

"ఆలికి అన్నం పెట్టి ఊరికి ఉపకారం చేశానన్నాట్ట వెనకటికి ఎవరో," అంది చెల్లెలు, ఒక బట్ట తాను భుజానికెత్తుకుంటూ.

ఈ కాపలా విధానాన్ని అభినందిస్తూ సంఘం తీర్మానం చేసింది. నేనే రాశాను.

మూడు వందల ఇరవై జతల యూనిఫారాలు తయారయ్యాయి. బడి తెరిచే రోజు ఉదయం పదింటికల్లా అందాలి. అందకపోతే ఆ పని మళ్ళీ ఆవిడకు ఇవ్వబోమని స్కూలు హెడ్‌మిస్ట్రెస్‌గారు ముందే చెప్పారు. ఆ ఉదయం ఎనిమిదింటికి ట్రాలీ ఇరుసు విరిగిందని కబురొచ్చింది. అంతలోనే వాన కూడా మొదలైంది.

ఆవిడ గుమ్మంలో నిలబడి బండి వైపు చూసింది. బండి మీద సంఘంవారు బహూకరించిన కవరు కప్పి ఉంది.

"ఒక్కసారికేనండీ," అంది.

"తొట్టి ఇంకా తెరవలేదు కదే," అన్నాడు ఆయన.

"అందుకేగా, ఖాళీగానే ఉంటుంది."

"అది కాదు. ఒకసారి సామాను వేశామంటే అది సామాను బండి అయిపోతుంది. అధ్యక్షులవారు ఏమనుకుంటారు?"

ఆవిడ లోపలికి వెళ్ళి ఇరవై జతలు మూట కట్టి నెత్తిన పెట్టుకుంది. ఇంకో ఇరవై ఆడపడుచు ఎత్తుకుంది. "ఎనిమిదిసార్లు తిరగాలి వదినా. పదింటికి కాదు, రేపు పదింటికి అవుతుంది," అంది ఆడపడుచు. "మొదటిసారి తిరిగితే కదా రెండోది," అని ఆవిడ వానలోకి దిగింది. పైన కప్పుకున్న ప్లాస్టిక్ సంచి మూటకు సరిపోయింది, మనిషికి సరిపోలేదు.

కళ్ళజోళ్ళాయన కఠినుడు కాడు. ఒంటరిగా పంపడానికి మనసొప్పక, కవరు తీసి మడిచి వెనక సీట్లో పడేసి, బండి స్టార్ట్ చేసి, లైట్లు వేసుకుని కాపలాగా వాళ్ళ వెనకాలే బయలుదేరాడు. బోనెట్ ఎంత ఎత్తంటే, సీట్లో కూర్చుంటే ముందు నడిచే మనుషులు కనబడరు. మూటల చివర్లు మాత్రం కనబడతాయి. మిగతాది ముందరి కెమెరా చూసి తెరమీద చూపిస్తుంది. వీధి మలుపులో ఆవిడ కాలు జారి, మూట పడకుండా పట్టుకుని, ఊపిరి తీసుకోవడానికి ఆగింది. తెరమీద ఆవిడ చుట్టూ ఎర్రగీతల చట్రం వచ్చింది. బండిలోంచి ఒక ఆడగొంతు ఎంతో వినయంగా పలికింది: "ముందు అడ్డంకి ఉంది. దయచేసి తొలగించండి."

ఆయన బ్రేకు వేశాడు. బండి మళ్ళీ చెప్పింది: "ముందు అడ్డంకి ఉంది. దయచేసి తొలగించండి."

అప్పుడు ఆయనకు ఏమనిపించిందో నాకు చెప్పలేదు. మినిట్స్‌కెక్కే విషయం కాదు కాబట్టి నేనూ గుచ్చి అడగలేదు. బండి దిగి, వానలో తడిసిన కళ్ళద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఆవిడ వంక అలా చూస్తూ నిలబడిపోయాడని ఆడపడుచు చెప్పింది.

"ఎక్కు," అన్నాడు చివరికి.

"మూటతోనా, మూట లేకుండానా?" అంది ఆవిడ.

"మూటతోనే."

ఇంటికి తిరిగొచ్చారు. తొట్టి తలుపు ఎలా తెరవాలో ఆయనకు తెలియలేదు. బండితో వచ్చిన పుస్తకం నాలుగు వందల పేజీలుంది. విషయసూచికలో 'సామాను' అన్న మాట దొరకలేదు. అటుగా పోతున్న మేస్త్రీ తన బండి ఆపి, దిగి, చేత్తో ఒక్క లాగు లాగాడు. తలుపు తెరుచుకుంది. నలుగురూ కలిసి మూటలన్నీ ఎక్కించారు. మీద సంఘంవారి కవరు కప్పారు. కొలతలు తేడా వస్తే అక్కడే సరిచేయడానికి ఒక మిషన్ కూడా ఎక్కిస్తుంటే, దాని ఇనప కాలు బండి పక్కభాగానికి రాసుకుంది. మూడు జానల పొడుగున గీత పడింది.

అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. కళ్ళజోళ్ళాయన గుండెమీద చెయ్యి వేసుకున్నాడు.

"గట్టిగా తగిలిందా?" అంది ఆవిడ.

"గీతే పడింది."

"బండికి కాదు, మీకు."

ఆయన చెయ్యి దించి, "పర్లేదు," అన్నాడు. పదింటికి అయిదు నిమిషాల ముందు మూడు వందల ఇరవై జతలూ పొడిగా స్కూలు చేరాయి.

ఆ సాయంత్రమే సంఘం అత్యవసరంగా సమావేశమైంది. అధ్యక్షులవారు లేచారు. "మిత్రులారా! ఈ బండి తొమ్మిది వందల కేజీలు మోయగలదు. మోయగలిగీ మోయకపోవడంలోనే దాని గొప్పతనం ఉంది. మోసేస్తే ఇక దానికీ గాడిదకూ తేడా ఏముంది? నేనడుగుతున్నాను, ఏముంది?"

"గాడిద రివర్సులో కూడా బాగానే పోతుందండీ," అన్నాడు మేస్త్రీ. రికార్డు చేయలేదు.

సంజాయిషీ చెప్పమంటే కళ్ళజోళ్ళాయన తల వంచుకున్నాడు. ఆవిడే లేచింది. "బట్టలు తీసుకెళ్ళాల్సొచ్చిందండీ. బండి ఉంది. అందులో వేశాం," అంది.

ఇంత పచ్చిగా నేరం ఒప్పుకోవడం సంఘ చరిత్రలో అదే మొదటిసారి. కళ్ళజోళ్ళాయన సభ్యత్వం ఏకగ్రీవంగా రద్దయింది. బహూకరించిన కవరు వెనక్కి తీసుకున్నారు. అది తడిగా ఉందని మరో తీర్మానం చేశారు.

అయితే న్యాయం ఒక్కోసారి వింత దారుల్లో నడుస్తుంది. సభ ముగిశాక అధ్యక్షులవారు బయట నిలబడి ఆ గీతను చాలాసేపు చూశారు. "చాలా సహజంగా ఉందే," అన్నారు. "నిజంగా ఏదో పని చేసిన బండిలా ఉంది." మర్నాడు కార్యదర్శిగారు మేస్త్రీని ఇంటికి పిలిపించి, పేరు బయటికి రానివ్వొద్దని చెప్పి, తాపీతో తన బండికీ అలాంటి గీత ఒకటి పెట్టించుకున్నారు. నెల తిరక్కుండా వీధిలో గీతలేని బండి లేదు. అధ్యక్షులవారు సొట్ట కూడా పెట్టించారు. మేస్త్రీకి ఊపిరాడటం లేదు. కళ్ళజోళ్ళాయన భార్య ముందుగది గోడ మళ్ళీ ముందుకు జరపమని అడిగితే, గీతల పని వర్షాకాలం అయ్యేదాకా నిండిపోయిందని చెప్పాడు. బండి ఇప్పుడు స్కూళ్ళ చుట్టూ తిరుగుతూ ఎప్పుడూ బయటే ఉంటుంది కాబట్టి, ఇంటిముందు జాగాలో ఆవిడ కత్తిరింపు బల్ల వేసుకుంది. కళ్ళజోళ్ళాయన దుకాణానికి నడిచే వెళ్తున్నాడు. సామాను బండివాడు కాబట్టి మా సంఘంలో ఎవరూ ఆయనను పలకరించడం లేదు. నేనూ పలకరించను. పద్ధతి పద్ధతే.

కిందటి వారం నాకూ బండి వచ్చింది. ముప్ఫై రోజుల్లోగా గీత పెట్టించుకోవాలన్న షరతు మీద సభ్యత్వం ఇచ్చారు. ఆ వారమే మా బీరువా కొత్తింటికి చేర్చాల్సి వచ్చింది. ఏం చేస్తాం, పద్ధతి పక్కనపెట్టి కళ్ళజోళ్ళాయనకే ఫోన్ చేశాను. భార్యాభర్తలిద్దరూ వచ్చారు. మా బండిని ఆనుకోవద్దని ముందే చెప్పాను. ఇద్దరూ జాగ్రత్తగా తప్పుకుని నడుస్తూ బీరువా మోసి, తమ బండిలో ఎక్కించి తాళ్ళు కట్టారు.

వెళ్ళబోతూ ఆవిడ నా బండి వైపు చూసింది. "మీది ఖాళీగానే ఉన్నట్టుందే అన్నయ్యగారూ?"

"ఖాళీ ఎక్కడమ్మా! మా పరువంతా అందులోనే ఉంది," అన్నాను.

"అయితే మెల్లగా నడపండి. గతుకుల్లో ఒలికిపోతుంది," అంది.

మంచి సలహా. అప్పటినుంచి నేను బండిని ఇరవై దాటనివ్వడం లేదు. వీధిలో నా వెనక అదేపనిగా హారన్ కొడుతున్నది మీరే అయితే, కాస్త ఓపిక పట్టండి. మీకూ బండి వచ్చే రోజు వస్తుంది.