బ్లాక్‌చెయిన్ పట్టాభిషేకం

"బ్లాక్‌చెయిన్ రానివాడు ఈ గడ్డ మీద మిగలకూడదు!"

మా మంత్రిగారు ఇలా ప్రకటించగానే హాలంతా చప్పట్లు. అదేమిటని ఒక్కరూ అడగలేదు. నాయకుడి మీద అంత నమ్మకమున్న జనాన్ని కళ్లారా చూడటం ఆయన పీఏగా నా అదృష్టం.

విద్యార్థులకూ డాక్టర్లకూ లాయర్లకూ కలిపి ఒకటే క్లాసు. పాఠం చెప్పేవాడి కోసం ఊళ్లన్నీ గాలించి, చివరికి మంత్రిగారి బావమరిదినే ఎంపిక చేశారు. ప్రతిభ ఇంట్లోనే ఉంటే వీధిలో వెతకడం దండగ కదా!

బావమరిది అందర్నీ చేతులు పట్టుకుని నిలబడమన్నాడు.

"బ్లాక్ అంటే మీరు. చెయిన్ అంటే పక్కవాడి చెయ్యి. వదిలారో, టెక్నాలజీ గోవిందా!"

ఇంతలో పళ్ల డాక్టరుగారికి బాత్రూం అవసరం పడింది. టెక్నాలజీ పోకూడదు గనుక క్లాసంతా వెళ్లింది. అంత క్రమశిక్షణ సైన్యంలో కూడా ఉండదు.

చివరి రోజు బావమరిది స్వయంగా తయారుచేసిన సర్టిఫికెట్లు ఇచ్చారు. మొదటిది మంత్రిగారికే. తెర మీద బంగారు అక్షరాలు వెలిగాయి: "గౌరవనీయులైన మాజీ మంత్రివర్యులకు..."

ముందు వరుసంతా కళ్లజోళ్లు సవరించుకుంది.

"మాజీ ఏంట్రా? ముందు దిద్దు!" అన్నారు మంత్రిగారు, పంటి బిగువున.

"బ్లాక్‌చెయిన్‌లో ఒకసారి ఎక్కిందంటే బ్రహ్మ కూడా దిద్దలేడు బావగారూ!" అన్నాడు బావమరిది. మైకు ఆన్‌లోనే ఉంది.

మంత్రిగారు ముఖానికి నవ్వు పులుముకుని, "చూశారా! మంత్రి చెప్పినా మారదు! అదీ మన టెక్నాలజీ!" అని గర్జించారు. చప్పట్లకు కిటికీలు అదిరాయి.

సాయంత్రం పార్టీ అధ్యక్షులవారు పిలిపించారు.

"ఇంకా నిన్ను మంత్రిగా ఉంచితే, మన టెక్నాలజీ అబద్ధమని ప్రతిపక్షం నా చొక్కా పట్టుకోదటయ్యా? నువ్వే ఆలోచించు."

మంత్రిగారు ఆలోచించారు, కళ్లు తుడుచుకున్నారు, రాజీనామా ఇచ్చారు. విజ్ఞానం కోసం పదవినే త్యాగం చేసిన మహానుభావుడని పత్రికలకు నేనే రాసి పంపాను.

ఆయన్ని ఇంట్లో దించడానికి వెళ్లాను. గేటు దగ్గర కాపలా అప్పుడే ఎత్తేశారు. బావమరిది సోఫాలో కాళ్లు చాపుకుని కాఫీ తాగుతున్నాడు.

"నిజం చెప్పరా," అన్నారు ఆయన, పక్కన కూలబడి. "ఎంత గొప్పవాణ్ణి పిలిపించినా దాన్ని మార్చలేమా?"

"ఎందుకు మార్చలేం? మామూలు ఎక్సెల్ షీటే కదా! ఒక్కసారి నొక్కితే పోతుంది."

"మరి అక్కడే చెప్పి చావలేదేంరా?"

"అంతమంది ముందా?" బావమరిది నొచ్చుకున్నాడు. "మీ పరువు పోదూ, బావగారూ!"