గానుగపెంటలో గోల్ఫ్ పేరు తొలగింపు

గానుగపెంట గుట్ట కింద బీడులో ఆడుతున్న ఆటకు ‘డిస్క్ గోల్ఫ్’ అన్న పేరు ఇకపై ఉంచవలెనా, తొలగించవలెనా అన్నది తేల్చడానికి పదకొండు మందితో సంఘం ఏర్పడినదని ప్రజలకు తెలియజేయడమైనది. ఆ పదకొండు మందిలో ఆ ఆట ఆడినవారు ఒక్కరూ లేరు. నిష్పాక్షికత కోసం అంత జాగ్రత్త పడ్డారు.

ఆ ఆటను ఊరికి తెచ్చింది గ్రేసీ. పాకాల దగ్గరున్న ఆ ఊరి హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలు. బెంగళూరులో వారం రోజుల శిక్షణకు పోయి, ఇరవై ప్లాస్టిక్ పళ్లేలతో తిరిగి వచ్చింది. దూరంగా స్తంభానికి గొలుసులు వేలాడే బుట్ట ఒకటి ఉంటుంది. పళ్లెం విసిరితే అందులో పడాలి. తక్కువ విసుర్లలో వేసినవాళ్లు గెలిచినట్టు. వెల్డింగు షాపు ఓబయ్య పాత ఉయ్యాల గొలుసులతో తొమ్మిది బుట్టలు చేసిచ్చాడు. బీడులో పాతారు. సీతాఫలం పొదలు, రాళ్లు, మేకలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

మేకలు సిద్ధమ్మవి. ఒకరోజు పళ్లెమొకటి వచ్చి ఆమె కాళ్ల దగ్గర పడితే తిరిగి విసిరేసింది. అది నేరుగా పోయి అయిదో బుట్టలో పడింది. పిల్లలు నోళ్లు తెరిచారు.

“మేకను అదిలించాలంటే రాయి యాడ పడాల్నో తెలిసుండాల గదమ్మా” అంది సిద్ధమ్మ, ఇందులో ఏముందన్నట్టు.

అలా యాభై రెండేళ్ల వయసులో ఆమె బడిపిల్లలకు గురువైంది. పరుగు అనగానే కడుపునొప్పి తెచ్చుకునే పిల్లలు సాయంత్రం బెల్లు కొట్టీ కొట్టకముందే బీడులో ఉండేవారు. పదమూడేళ్ల ఉద్యోగంలో మొదటిసారి, గ్రేసీ పీరియడును లెక్కల మాస్టరు అడిగి తీసుకోలేకపోయాడు. ఆ ఆనందం ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. లెక్కల మాస్టరు బాధపడతాడని.

తర్వాత ఒక విలేకరి వచ్చి ఆట పేరేమిటని అడిగాడు. గ్రేసీ నిజం చెప్పింది. ‘పాకాల పక్కన గోల్ఫ్’ అని మర్నాడు అచ్చయింది.

పొద్దున్నే మామిడితోటల మునిరామయ్య నలభై మంది రైతులతో వచ్చి బీడులో బైఠాయించాడు.

“గోల్ఫంటే దినామూ సెరువుడు నీళ్లు తాగే గడ్డంట గదమ్మా. మా బోర్లు ఎండిపోతే సెట్లకు ఎవురు పోస్తారు?”

“ఈడ గడ్డే లేదు గదన్నా” అంది గ్రేసీ.

“ఇప్పుడు లేదు. పేరొచ్చినాక గడ్డి రాకుండా యాడికి పోతాది?”

వాదన గట్టిదే.

అదే వారం తిరుపతి నుంచి నరేంద్రగారు దయచేశారు. రిటైరైన పెద్ద అధికారి. ప్రస్తుతం ఒక క్రీడాభ్యుదయ సంఘానికి అధ్యక్షులు. తెల్ల ప్యాంటు, ఒక చేతికి మాత్రమే గ్లవ్, వెనుక కర్రల సంచి మోసే డ్రైవరు. దిగగానే గుంత ఎక్కడ అని అడిగారు. గుంత లేదు సార్, బుట్ట అని గ్రేసీ చూపించింది. చావు కబురు విన్నవాడిలా ఆయన కాసేపు టోపీ తీసి నిలబడ్డారు. పిమ్మట ఆటకు గౌరవం తెచ్చే బాధ్యత తానే తీసుకున్నారు.

గౌరవం వెంటనే రాసాగింది. కాలరు లేని చొక్కాతో పళ్లెం ముట్టుకోరాదు. బుట్టలో పడినప్పుడు అరవరాదు, గోల్ఫ్ అంటే మౌనం. బుట్టకూ బుట్టకూ మధ్య నడవరాదు. అందుకోసం ఒక ఆటోకు పైకప్పు కోసేసి సిద్ధం చేశారు. అది రెండో బుట్ట దగ్గర రాయెక్కి ఆగిపోయింది, మౌనంగానే. చుట్టూ కంచె వేసి, గేటు దగ్గర కాపలా పెట్టారు. కాపలావాడు సిద్ధమ్మను సభ్యత్వ కార్డు అడిగాడు.

“నాకొక్కదానికేనా, మేకలకు గూడా కావాల్నా అప్పా?” అంది ఆమె.

వాడు పైవాళ్లను అడిగి చెబుతానన్నాడు. పిల్లలు నాలుగు రోజులు గేటు దాకా వచ్చి, అయిదో రోజు మానుకున్నారు. లెక్కల మాస్టరు మళ్లీ పీరియడు అడిగాడు. ఆ రాత్రే గ్రేసీ అర్జీ రాసింది: ‘అయ్యా, మా ఆటకు ఆ పెద్దింటి పేరు వద్దు. పేరు తీసేసి బీడు ఇప్పించండి.’

మొదట చెప్పిన సంఘం పుట్టింది ఇందుకే.

సభ బడి షెడ్డులో జరిగింది. “గోల్ఫ్ అనేది పేరు కాదు, సంస్కారం!” అని నరేంద్రగారు గంటంపావు ప్రసంగించారు. సంస్కారమైనా సరే నీళ్లు తాగుతాదని మునిరామయ్య అభ్యంతరం చెప్పాడు. ‘చక్రక్రీడ’ అందామని ఒకరన్నారు. చక్రం స్వామివారిది గనక చెప్పులు విప్పి ఆడాలని మరొకరన్నారు. బీడు నిండా పల్లేరుకాయలు ఉండటంతో భక్తి అక్కడ ఆగింది. ‘పళ్లెం ఆట’ అంటే మధ్యాహ్న భోజనం లెక్కలోకి పోతుందని హెడ్మాస్టరు భయపడ్డాడు. చివరకు గోల్ఫ్ అన్న పేరును సకల లాంఛనాలతో తొలగించి, కొత్త పేరుకు ఉపసంఘం వేశారు. పేరును త్యాగం చేసినందుకు నరేంద్రగారికి శాలువా కప్పారు. గోల్ఫ్ లేదు గనక కంచె, కాపలా కూడా ఆయన వెంటే వెళ్లిపోయాయి. ఉపసంఘం ఇంతవరకు కూర్చోలేదు.

పదిరోజులకు జీపులో ఒక తనిఖీ అధికారి వచ్చాడు. ప్రభుత్వ బీడులో అనుమతి లేని ఆట సాగుతోందని ఫిర్యాదు అందిందట. బుట్టలు పీకించడానికి ఇద్దరు మనుషుల్ని, గడ్డపారల్ని కూడా తెచ్చుకున్నాడు. పిల్లలు బుట్టల ముందు నిలబడ్డారు.

అధికారి ఫారం తెరిచాడు. “నిషేధించే ఆట పేరు?”

“లేదు సార్” అంది గ్రేసీ.

“లేకుండా ఎట్ల?”

“ఉన్నింది సార్. సభ పెట్టి తీసేసినారు.” తీర్మానం నకలు చూపింది.

అధికారి దాన్ని రెండుసార్లు చదివాడు. పేరు గడి ఖాళీగా ఉంటే కాగితం పైకి కదలదు. “పేరు లేనిదాన్ని నిషేధించేదానికి లేదే” అన్నాడు దిగులుగా. “మరి మీరంతా ఈడ ఏం చేస్తా ఉండారని రాసుకోవాల?”

“ఊరికే ఆడుకుంటా ఉండాము నాయనా” అంది సిద్ధమ్మ.

ఆయన ఫారం తిరగేసి, మరగేసి వెతికాడు. ఆ గడి ఎక్కడా లేదు. గడ్డపారలతో సహా జీపెక్కి వెళ్లిపోయాడు.

ఊరికే ఆడుకోవడానికి మన దేశంలో ఇంకా ఫారం అచ్చు కాలేదు. పాఠకులలో ఆ లోటు తీర్చగల సమర్థులు చాలామంది ఉన్నారని తెలుసు. దయచేసి కొంతకాలం ఓపిక పట్టవలసిందిగా ప్రార్థన.