జాతీయమైపోయిన పాపం

శ్రామికుడికి నవ్వే హక్కు ఉందనీ, ఆ హక్కు బాగోగులు ఇకమీదట తానే చూసుకుంటుందనీ వార్డు లోకల్ కమిటీ ఒక ఆదివారం పొద్దున ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ తీర్మానాన్ని కౌన్సిలర్ నిత్యగోపాల్ సర్ఖేల్ గారు భవానీపూర్‌లో తెలుగు కూలీల ఇళ్ళ వరసకి, అంటే తెలుగు లైనుకి, మొగలో కుళాయి పక్కన నిలబడి, మైకులో చదివారు. ఆ కుళాయికి చప్పుడు చేసే అలవాటు లేకపోవడం వల్ల ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది.

ఏ పార్టీ అని అడగకూడదు. ఆ రోజుల్లో కలకత్తాలో పార్టీ అంటే ఒకటే. పేర్లు మిగతావాటికి ఉండేవి.

విని చప్పట్లు కొట్టినవాళ్ళలో పోలిరాజు కూడా ఉన్నాడు. ఆ తీర్మానం తన గురించేనని పక్కవాడు చెబితేగాని అతనికి తెలియలేదు. భాష అంత గొప్పగా ఉంది.

పోలిరాజు పగటిపూట మురుగుకాలవల్లో దిగే మజ్దూరు. శుక్రవారం సాయంత్రాలు మాత్రం టీవీలో వార్తలు చదివే పెద్దమనిషి. లైనుకి కేబుల్ తీగలు లాగిన శ్యామసుందర్ తన మేడమెట్ల కింద ఒక కెమెరా పెట్టి, తెలుగు ఇళ్ళ కోసం 'లైను వార్తలు' అని మొదలుపెట్టాడు. శ్యామసుందర్ తాత శ్రీకాకుళం నుంచి వచ్చినవాడు. మనవడికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. కార్యక్రమం పేరు రాసిన అట్టను తలకిందులుగా తగిలించి నెల్లాళ్ళు నడిపాడు. లైనులో ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదు.

పోలిరాజు తన పెళ్ళికోటు వేసుకుని, ముఖంలో ఒక్క గీత కదలనివ్వకుండా చదివేవాడు. బల్ల లేదు. చనిపోయిన భార్య నారాయణమ్మ కుట్టుమిషను మీద దుప్పటి కప్పితే అదే బల్ల. చదువుతున్నంతసేపూ అతని కాలు పెడలు మీద ఆడుతూ ఉండేది. ఆ టకటకలు టెలిప్రింటరు మోతలా ఉన్నాయనీ, అచ్చం ఢిల్లీ వార్తల్లాగే ఉన్నాయనీ జనం మెచ్చుకున్నారు.

"మన లైను రెండో కుళాయికి నిన్న కౌన్సిలర్ గారు మూడోసారి శంకుస్థాపన సేసినారు. రాళ్ళు మూడూ వొచ్చినాయి. నీళ్ళు దార్లో ఉన్నాయి. పాపం!"

"నిన్నంతా మన వార్డులో కరెంటు పోలేదు. ఎందుకు పోలేదో కనుక్కోడానికి మంత్రిగారు ఒక కమిటీ ఏసినారు. పాపం!"

"రేపు బందు. బందు జయప్రదమైనందుకు ఎల్లుండి ఊరేగింపు. ఎల్లుండి కూడా బందే గనక ఊరేగింపు రద్దు. పాపం!"

ప్రతి వార్త చివరా ఆ ఒక్క మాట. లైనంతా నవ్వేది అక్కడే.

ఆ మాట పోలిరాజుది కాదు, నారాయణమ్మది. కలకత్తాలోనే పుట్టి పెరిగినా ఆవిడకి వచ్చిన బెంగాలీ చేపల బజారు దాటి ముందుకు వెళ్ళలేదు. కాని సాయంత్రం బెంగాలీ వార్తలు తప్పకుండా చూసేది. ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు గనక ముఖాలు చూసేది. "పాపం, ఆ మంత్రికి కుర్సీ ఇరుకైనట్టుంది." "పాపం, వానలో నిలబెట్టేసినారు, ఎవులూ గొడుగు పట్టలేదు." పదవి ఉన్నవాళ్ళ మీదా లేనివాళ్ళ మీదా ఒకే తూకాన జాలిపడేది. అంతకుముందు ఏడాది శ్రావణంలో ఆవిడ పోయినప్పుడు లైనంతా వచ్చి, గుమ్మంలో నిలబడి, ఆ మాటే అని వెళ్ళింది. పోయిన మనిషిని అన్నారో, మిగిలిన మనిషిని అన్నారో పోలిరాజు అడగలేదు.

కొన్నాళ్ళకి శ్యామసుందర్ అతన్ని కెమెరా ముందు కూర్చోబెట్టాడు. మొదటి వార్త చివర ఆ మాట దానంతటదే వచ్చింది. ఇంట్లో మళ్ళీ ఎవరో మాట్లాడినట్టయింది. అప్పటినుంచి పోలిరాజు శుక్రవారం కోసం ఎదురుచూసేవాడు.

గొడవ ఒక కిటికీలోంచి మొదలైంది. లైను వెనక మేడలో ఉండే ఒక బెంగాలీ కామ్రేడ్‌కి వరసగా కొన్ని వారాలు కౌన్సిలర్ గారి పేరూ, దాని వెంటనే 'పాప్' అనే మాటా, ఆపైన జనం నవ్వూ వినిపించాయి. బెంగాలీలో పాప్ అంటే చేసిన పాపమే. రెండో అర్థం లేదు. కౌన్సిలరు పాపి, మంత్రి పాపి అని ఒక మజ్దూరు కోటు వేసుకుని మరీ ప్రకటిస్తున్నాడని పైకి రిపోర్టు వెళ్ళింది.

పోలిరాజును పార్టీ ఆఫీసుకి పిలిపించారు. అతనికి బెంగాలీ బాగానే వచ్చు. అయితే ముద్దాయి తనకు తానే అనువాదకుడు కావడం సూత్రానికి విరుద్ధం. అందుకని బ్యాంకు యూనియన్ నుంచి పట్టాభి గారిని రప్పించారు. ఆయనది తెనాలి. కలకత్తా వచ్చి ఏడాది కాలేదు. బెంగాలీ రాదు, ఇంగ్లీషు వచ్చు. సొంత ఊరికి ట్రాన్స్‌ఫర్ కావాలి. పైనుంచి ఎవరైనా ఒక మాట చెబితే వస్తుంది.

"కామ్రేడ్, ఈ మాటకి అర్థం ఏమిటి?" అని నిత్యగోపాల్ గారు ఇంగ్లీషులో అడిగారు.

"రెండున్నాయి సార్. ఒకటి, తప్పు చేశాడని. రెండోది, అయ్యో అని."

"ఒకే మాటకా?"

"మా భాషలో అంతే సార్. ఏది ఎప్పుడో గొంతును బట్టి తెలిసిపోతుంది."

"మరి ఇతని గొంతు?"

"ఇతని గొంతులో ఏమీ తెలియదు సార్. అదే హాస్యం."

కమిటీలో సిద్ధాంతం బాగా తెలిసిన పెద్దాయన ఒకరు కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించారు. పరస్పర విరుద్ధమైన రెండర్థాలు ఒకే మాటలో ఘర్షణ పడుతున్నాయంటే అది గతితర్కం కావచ్చుననీ, తొందరపడి నిషేధించరాదనీ అన్నారు. మిగతావాళ్ళు నిషేధించి తరవాత ఆలోచిద్దామన్నారు.

పోలిరాజుకి భయం వేసింది. ఉద్యోగం గురించి కాదు. కాలవలోకి దిగడానికి ఎవరూ పోటీ రారు. మాట పోతుందని. చేతులు కట్టుకుని, సూత్రం సంగతి మరిచిపోయి, తిన్నగా బెంగాలీలో అనేశాడు: "పాప్ కాదు దాదా. మాయా."

గదంతా మెత్తబడింది. బెంగాలీలో మాయా అంటే ఆప్యాయత. కన్నబిడ్డ మీదా, పెంచిన పిల్లి మీదా ఉండేది.

పట్టాభికి కూడా ఆ ఒక్క మాటే అర్థమైంది, తెలుగులో. అదిరిపడి పోలిరాజు చెవి దగ్గరికి వంగాడు. "ఏమయ్యా, మాయ అంటావేంటి? మాయ చేస్తున్నానని నువ్వే ఒప్పుకుంటే ఇంక నేనేం కాపాడేది?"

"మీరూరుకోండి బాబూ. ఈళ్ళ బాసలో మాయంటే మంచిదే."

"మాయా!" నిత్యగోపాల్ గారి కళ్ళు చెమర్చాయి. "అంటే మంత్రిగారి పేరు వినగానే తెలుగు శ్రామికులు ఆప్యాయత ఆపుకోలేక..."

"ఆపుకోలేరు దాదా."

"నా పేరు వినగానే కూడానా?"

"మిమ్మల్నయితే మరీ ఎక్కువ. కుళాయి కాడికెళ్ళినప్పుడల్లా అంటారు."

మొదట చెప్పిన తీర్మానం ఆ వచ్చిన ఆదివారమే అయింది. దానితోపాటు హాస్య ఉపసంఘం ఏర్పడింది. పట్టాభి గారు కన్వీనరు. నవ్వించడంలో ఆయనకి ఏ అనుభవమూ లేకపోవడం నిష్పాక్షికతకు పనికొస్తుందని భావించారు.

ఉపసంఘం నియమాలు కొద్దివే. పాపం అనే మాటను పార్టీవారికి మాత్రమే వాడాలి. ప్రతిపక్షాన్ని పాపం అంటే వర్గశత్రువు మీద ఆప్యాయత చూపినట్టవుతుంది. వ్యంగ్యం ఢిల్లీ మీద ఎంతైనా చేసుకోవచ్చు.

"మరి కుళాయి మాటేటి దాదా?" అని పోలిరాజు అడిగాడు.

నిత్యగోపాల్ గారు జాలిగా చూశారు. "కుళాయి వెనక ఏముంది?"

"గోడ."

"గోడ వెనక?"

"సామసుందరం మేడమెట్లు."

"అక్కడే నీ చైతన్యం ఆగిపోయింది. కుళాయి వెనక ఢిల్లీ ఉంది."

అప్పటినుంచి వార్తలు పట్టాభి గారే రాసిచ్చేవారు. 'జలవితరణ వ్యవస్థను ప్రజాతంత్రీకరించే దిశగా కౌన్సిలర్ గారు నాలుగో శిలను ప్రతిష్ఠించడం ముదావహం. పాపం!' లైనులో ఎవరికీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. చివరి మాట రాగానే మాత్రం పాత అలవాటు కొద్దీ నవ్వేవారు. నిత్యగోపాల్ గారు క్లబ్బు గదిలో కూర్చుని చూసేవారు. తన పేరు పక్కన ఆ మాట పడగానే పంచె సర్దుకుని, చుట్టూ ఒకసారి చూసేవారు. పక్క వార్డు నాయకులకి కడుపు మండింది. తాము ఏళ్ళ తరబడి సేవ చేస్తున్నా తమని ఒక్కసారైనా ఎవరూ పాపం అనలేదని ఒకాయన జిల్లా కమిటీకి మొరపెట్టుకున్నాడు.

మాట పైకి పాకింది. సభల్లో మంత్రులు తెలుగువాళ్ళు కనబడితే పిడికిలెత్తి "పాపం!" అనేవారు. జనం తిరిగి "పాపం!" అనేవారు. కుర్రాళ్ళకి అది ఆటైపోయింది. ఎక్కడ వినబడినా పిడికిలెత్తి అరవడం, విరగబడి నవ్వడం.

ఆ రోజుల్లోనే, బజ్ బజ్ జూటుమిల్లులో పనిచేసే తమ్ముడు పోయాడని పక్కింటి కూర్మయ్యకి కబురొచ్చింది. లైనంతా గుమ్మం ముందు చేరింది. అందరికంటే పెద్దది ముసలమ్మ. ముందుకొచ్చి కూర్మయ్య చెయ్యి పట్టుకుని, "పాపం," అంది.

అరుగు మీద కుర్రాళ్ళ పిడికిళ్ళు లేచాయి. "పాపం! పాపం!" వెనకే నవ్వు.

"ఓలమ్మో, ఏటన్నానర్రా నాను?" ముసలమ్మ బిత్తరపోయింది. "మనిసి సచ్చిపోనాడంటే ఇకిలిస్తారేటి?"

కూర్మయ్య లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. పోలిరాజు అప్పటికే నోరు తెరిచి ఉన్నాడు, ఆ మాటే అందామని. బదులుగా అనడానికి ఇంకో మాట వెతికాడు. దొరకలేదు. నోరు మూసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పార్టీ ఆఫీసుకి వెళ్ళాడు.

"దాదా, ఆ మాట తిరిగిచ్చెయ్యండి."

"ఏ మాట?"

"పాపం. మా ఇంటిదాని మాట దాదా. పడిపోనోళ్ళని సూసి, పోనోళ్ళని తల్సుకుని అనుకునే మాట. మీలాటోళ్ళకి కాదు."

నిత్యగోపాల్ గారు లేచి అతని భుజం మీద చెయ్యి వేశారు. "పడిపోయినవాళ్ళ పక్షాన నిలబడిందెవరు? మేమే కదా! మరి మాకు కాకపోతే ఎవరికి?" గొంతు తగ్గించారు. "అయినా నా చేతిలో లేదు పోలిరాజ్. జిల్లా దాకా పోయింది. ఆ మాట ఇప్పుడు వ్యక్తుల ఆస్తి కాదు. జాతీయమైపోయింది."

ఆ శుక్రవారం పోలిరాజు వార్తలన్నీ చదివాడు, ఆ మాట తప్ప. దాని చోటొచ్చినప్పుడల్లా ఊరుకున్నాడు. పెడలు టకటకలు మాత్రం వినిపించాయి. సాంకేతిక లోపమని ఉపసంఘం నిర్ధారించింది. శ్యామసుందర్ దగ్గరున్న పాత క్యాసెట్లోంచి ఆ ఒక్క మాటా తీయించి, మళ్ళీ మళ్ళీ వచ్చేలా ఎక్కించుకుంది.

"నన్నేటి సెయ్యమంటావు మావా," అన్నాడు శ్యామసుందర్ తల దించుకుని. "తీగలు కత్తిరించేస్తామన్నారు."

కార్పొరేషన్ ఎన్నికలు వచ్చాయి. రిక్షాకి మైకు కట్టుకుని ఊరేగించారు. ముందు ఒక బెంగాలీ గొంతు, "మీ అభ్యర్థి నిత్యగోపాల్ సర్ఖేల్!" అనేది. వెంటనే క్యాసెట్లోంచి పోలిరాజు గొంతు, "పాపం!" అనేది. పోలిరాజు కిటికీ వేసుకుని, కుట్టుమిషను పక్కన కూర్చుని, తన గొంతు దూరంగా వెళ్ళడమూ, మళ్ళీ దగ్గరికి రావడమూ వినేవాడు.

తెలుగు ఓటర్ల కోసం పోస్టరు వేశారు. చేతులు జోడించిన నిత్యగోపాల్ గారి ఫోటో. దాని కింద ఎర్రటి అక్షరాల్లో, మూరెడు ఎత్తున, 'పాపం'. అచ్చుకి పోయేముందు పట్టాభి గారిని సరిచూడమన్నారు. ఆయన ట్రాన్స్‌ఫర్ ఆర్డరు ఆ వారంలోనే రావాలి. పోస్టరును చాలాసేపు చూశారు.

"అక్షరదోషాలు లేవు సార్," అన్నారు.

ఓట్లు లెక్కపెట్టిన రోజు పొద్దుటినుంచీ వాన. లైనులో మోకాలిలోతు నీళ్ళు నిలిచాయి. కుళాయి మటుకు తన పద్ధతి మార్చుకోలేదు. సాయంత్రానికి ఫలితం తెలిసింది. నిత్యగోపాల్ గారు ఓడిపోయారు. కొత్త కౌన్సిలరు ఊరేగింపు పెద్దరోడ్డు మీద బాజాలతో పోతూంటే, ఆ జనానికి ఎదురుపడకుండా ఇల్లు చేరాలని ఆయన తెలుగు లైను గుండా వచ్చారు. వెంట ఒక్కరూ లేరు. పంచె ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, చెప్పులు ఇంకో చేత్తో పట్టుకుని, తడిసిపోతూ నడుస్తున్నారు. గోడల పొడుగునా ఆయన పోస్టర్లే, సగం ఊడి వేలాడుతున్నాయి.

ముసలమ్మ శంకుస్థాపన రాళ్ళ మీద, రేకు చూరు కింద కూర్చుని ఉంది. ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"పాపం," అంది నెమ్మదిగా. "ఎవులూ గొడుగు పట్టలేదు."

అరుగు మీద కుర్రాళ్ళు ఉన్నారు. ఎవరి చెయ్యీ లేవలేదు. ఎవరూ నవ్వలేదు.

పోలిరాజు గుమ్మంలో నిలబడి విన్నాడు. లోపలికి వెళ్ళి, తలుపు వెనక మేకుకి వేలాడుతున్న నారాయణమ్మ గొడుగు తీసి, నీళ్ళలోకి దిగి, కౌన్సిలర్ గారి తల మీద పట్టాడు.

నిత్యగోపాల్ గారి ముఖం వెలిగిపోయింది. ముసలమ్మ వైపు తిరిగి, చెప్పులున్న చేతినే పైకెత్తి, పిడికిలి బిగించి, "పాపం!" అని గట్టిగా జవాబిచ్చారు. తరవాత పోలిరాజు వైపు వంగారు.

"చూశావా పోలిరాజ్? ఓడిపోయినా సరే. మాయా!"

"ఔను దాదా," అన్నాడు పోలిరాజు. ముఖంలో ఒక్క గీత కదల్లేదు.