గాలాడే బోను

ఆ ఆదివారం పొద్దున్నే టీ గ్లాసు చేతికిచ్చి, వంటింటికి కిటికీ పెట్టించమని మొగుణ్ని ఇంకోసారి అడుగుదామనుకుంది నూకరత్నం. తొమ్మిదేళ్లుగా అడుగుతూనే ఉంది. కట్టెల పొయ్యి పొగకి ఆవిడ దగ్గితే వీధి చివరిదాకా వినబడుతుంది. అడిగినప్పుడల్లా కన్నబాబుది ఒకటే మాట: ఆ వెనకగోడ మీదే ఇల్లు నిలబడింది, ముట్టుకుంటే కూలిపోతుంది.

ఆవిడ నోరు తెరిచేలోపే ఆయనగారు కాగితాలు తీశాడు. తను పనిచేసే పరవాడ మందుల కంపెనీలో పెద్దసారు ఒకాయన పెంచుకోమని రెండు తెల్ల ఎలుకల్ని ఇచ్చాడు. వాటికి ఎలాంటి బోను కావాలో ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించుకొచ్చాడు.

"గాలాడకపోతే ఆటికి ఊపిరితిత్తులు పాడైపోతాయంట," అన్నాడు బెంగగా.

నూకరత్నం దగ్గుతూ వింది.

పొడవు నాలుగడుగులు, వెడల్పూ ఎత్తూ మూడేసి, లోపల ఎలుకలకి మేడ. కిటికీ గ్రిల్స్ చేసే త్రినాధరావుకి పని ఒప్పజెప్పాడు. కమ్మీల మధ్య సందు ఎంతుండాలో చెప్పారా అని నూకరత్నం అడిగితే, వెల్డింగు సంగతి నీకెందుకని కసిరాడు. త్రినాధరావూ అడగలేదు. కిటికీలకి ఎప్పుడూ పెట్టే సందే పెట్టాడు.

వారానికి బోను వచ్చింది. వీధి గుమ్మంలో పట్టలేదు. టేకు గుమ్మం కదా, దాని జోలికెళ్లడానికి కన్నబాబుకి మనసొప్పలేదు. తాపీమేస్త్రీని పిలిచి వంటింటి వెనకగోడ కొట్టించాడు. అరగంట పట్టింది. ఇల్లు చెక్కుచెదరలేదు.

"ఆ గోడ మీదే ఇల్లు నిలబడిందన్నారు గదా?" అంది నూకరత్నం. ఆవిడకి ఒళ్లు మండిపోతోంది.

"సూసి కొట్టమన్నాన్లే."

ఎలుకల్ని లోపల వదిలారు. మేడవైపు అవి కన్నెత్తి చూస్తేనా! కమ్మీల సందులోంచి తీరిగ్గా నడుచుకుంటూ బయటికొచ్చి బియ్యం బస్తా వెనక దూరాయి. కన్నబాబు బోర్లా పడుకుని బతిమాలినా రాలేదు. ఇంతలో వాన మొదలై, గోడ కన్నంలోంచి జల్లు పొయ్యి మీద కొట్టింది. చేసేదిలేక బోను ముందువైపు కమ్మీల్ని కోయించి ఆ కన్నానికి బిగించేశాడు.

మర్నాడు పక్కింటి అప్పలకొండమ్మ కొత్త కిటికీ చూసి, ఇలాంటి మొగుడు దొరకడం అదృష్టమని నూకరత్నం బుగ్గలు పుణికింది.

"మా ఇంటిదానికి గాలాడాలి గదా," అన్నాడు కన్నబాబు మీసం దువ్వుకుంటూ.

నూకరత్నానికి ఏడుపొచ్చింది. పొగ వల్లనని చెప్పుకోవడానికి ఇప్పుడు పొగ కూడా లేదు.

అప్పట్నుంచీ ఆవిడ రోజూ బస్తా వెనక గుప్పెడు బియ్యం వేస్తోంది. ఆ ఇంట్లో ఆవిడ మాట నెగ్గించినవి అవే మరి.