రెస్పెక్ట్ తరవాత ఏం చెక్కాలి?

ఆ రోజుకు టైపిస్టు పెట్టుకున్నవి మూడే పనులు. పదింటికి వీడ్కోలు ఇత్తడి ఫలకం గుట్టుగా తెచ్చుకోవడం, నాలుగున్నరకు దాన్ని రిటైరవుతున్న సూపరింటెండెంటు గారి చేతిలో పెట్టించడం, ఐదు లోపల తన ఫైలు మీద ఆయన సంతకం పెట్టించుకోవడం. రెండేళ్లుగా తాత్కాలికంగా నడుస్తున్న ఆమె ఉద్యోగం ఆ సంతకం, దాని కింద పై ఆఫీసరు సంతకం పడితే ఖాయమవుతుంది. రేపు వచ్చే కొత్త సూపరింటెండెంటు పాత సిఫార్సులు ముట్టుకోడట, అన్నీ మొదటి నుంచీ రాసుకు రమ్మంటాడట.

సూపరింటెండెంటు గారిని ఆఫీసులో సున్నాగారు అనేవారు, ఆయన వినకుండా. ఏ ఉత్తరం ఆయన బల్ల మీదికి వెళ్లినా, అందులోని ఇంగ్లీషు టు, ఫర్, ఆఫ్‌లలో ఏదో ఒకదాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి వెనక్కి పంపేవాడు. సరైన మాట ఏదో మాత్రం రాసేవాడు కాదు. రాసినవాళ్లు తల గోక్కుని ఇంకోటి పెట్టి పంపితే మౌనంగా సంతకం చేసేవాడు. అంత పాండిత్యం ముందు నోరు మెదపడానికి ముప్పై నాలుగేళ్లుగా ఎవరికీ ధైర్యం చాలలేదు. టైపిస్టు ఫైలైతే నాలుగుసార్లు వెళ్లి నాలుగుసార్లూ తిరిగొచ్చింది. ఐదోసారి పొద్దున్నే హడావిడిగా టైపు చేసి పెట్టుకుంది.

పది కాకముందే ఫలకం చెక్కే మేస్త్రీ ఫోన్ చేశాడు.

"అమ్మా, రెస్పెక్ట్ తరవాత ఏం చెక్కమంటారు? మీ కాగితంలో అక్కడ రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, మళ్లీ కొట్టేశారు. నేను అక్షరాలు చూసి దింపుతానే గానీ నాకు ఇంగ్లీషు రాదు."

"కాస్త ఆగండి బాబాయ్, కనుక్కుని చెప్తాను."

ఆమె ఫోన్ పెట్టేసింది. చివరి రోజున, అందరి ఎదుట, ఇత్తడి మీద తప్పు దొరికితే ఆయన ఊరుకుంటాడా? ఆ కోపంలో తన ఫైలు గతేమిటి? పరుగున వెళ్లి అకౌంటెంటును అడిగింది.

"టు. ఇందులో అనుమానమేంటి? గౌరవం ఎవరికి? ఆయనకి. 'కి' అంటే టు."

"నువ్వు లెక్కలు చూసుకోవయ్యా," అంది రికార్డు గది పెద్దావిడ. "ఆయన కోసం కదా ఇదంతా? ఫర్."

తగువు తేలక పాత ఫైళ్లు తీద్దామనుకున్నారు. ఆయన ఒప్పుకున్న ఉత్తరాల్లో రెస్పెక్ట్ పక్కన ఏముంటే అదే చెక్కిస్తే సరిపోతుంది. మొదటి కట్టలో టు చుట్టి ఉంది, ఫర్ పెడితే సంతకమైంది. రెండో కట్టలో ఫర్ చుట్టి ఉంది, టు పెడితే సంతకమైంది.

"చూశారా, ఎంత లోతుందో! మనకెక్కడ అందుతుంది?" అంది పెద్దావిడ భక్తిగా.

ఆ లోతు కొలవడానికి మరిన్ని కట్టలు దించారు. బల్లలు చాలక నేల మీద పరిచారు. పన్నెండింటికి కౌంటరు మూసి అక్కడి గుమస్తాను కూడా లోపలికి పిలిచారు. ఈ సందట్లో మేస్త్రీకి జవాబు చెప్పాలన్న సంగతే ఎవరికీ గుర్తు లేదు.

కౌంటరు బయట వరుసలో నిలబడ్డవాళ్లు అద్దంలోంచి తొంగి చూశారు.

"ఏమైందండీ లోపల?"

"సూపరింటెండెంటు ఫైళ్లన్నీ బయటికి లాగుతున్నారు. తనిఖీ కాబోలు."

"రిటైరయ్యే రోజునా? నిప్పు లేందే పొగ రాదు."

ఆ మాట మెట్లెక్కి పై అంతస్తులో ఆఫీసరు గదికి చేరేసరికి పెద్ద విచారణ అయి కూర్చుంది. ఆఫీసరు మహా జాగ్రత్తపరుడు. తనకు చెప్పకుండా విచారణ వచ్చిందంటే అందులో తన పేరూ ఉంటుందని ఊహించుకున్నాడు. వెంటనే ఉత్తర్వు రాసి కిందికి పంపాడు: విచారణ ముగిసేదాకా సూపరింటెండెంటు గారు ఏ ఫైలు మీదా సంతకం చేయరాదు.

దాన్ని టైపు చేయాల్సింది టైపిస్టే. గోరుచుట్టు మీద రోకటిపోటు. తన నోట్లో తనే మట్టి కొట్టుకుంటున్నట్టు ఒక్కో అక్షరమూ కొట్టింది. ఫలకం గుట్టు బయటపడితే పడిందని, ఉన్నమాట చెప్పడానికే మూడింటికి పైకి వెళ్లింది.

"సార్, అసలు ఈ విచారణ..."

మాట పూర్తి కాకముందే తలుపు తోసుకుని సూపరింటెండెంటు వచ్చాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. చేతిలో ఉత్తర్వుతో, నేల మీద పరిచిన తన సున్నాలన్నీ చూసి వస్తున్నాడు. గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే భుజాలు తడుముకున్నాడు.

"ఒప్పుకుంటున్నాను సార్. నాకు రాదు."

"ఏం రాదు?"

"టు, ఫర్, ఆఫ్. ఏది ఎక్కడ పెట్టాలో ఒక్కటీ రాదు. చేరిన కొత్తలో ఓ ఉత్తరంలో అనుమానమొచ్చి చుట్టాను. అడగడానికి సిగ్గేసింది. రాసినతను మార్చి పంపాడు. ఓహో, తప్పేనన్నమాట అనుకున్నాను. అప్పట్నుంచీ అనుమానమొచ్చిందల్లా చుడుతున్నాను. నాకు అన్నిటి మీదా అనుమానమే సార్." టైపిస్టు వైపు తిరిగాడు. "నీ ఫైల్లో నాలుగోసారికి మళ్లీ మొదటి మాటే వచ్చిందమ్మా. దాన్ని కూడా చుట్టాను."

ఆమెకు ముందు ఒళ్లు మండిపోయింది. కానీ తల నెరిసిన మనిషి అలా చేతులు కట్టుకుని నిలబడితే చూడలేకపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆఫీసరు లేచి వెళ్లి తలుపు గడియ వేసొచ్చాడు.

"మరి వాటి కింద నేను పెట్టిన సంతకాలో?"

"అవీ ఉన్నాయి సార్."

"మీకు తెలుసు కదా అని పెట్టానయ్యా!"

తిలా పాపం తలా పిడికెడు. అప్పుడు టైపిస్టు ఫలకం సంగతంతా చెప్పింది. విచారణే లేదని తెలిసి, ఆఫీసరు తన ఉత్తర్వును తనే నాలుగు ముక్కలుగా చింపి బుట్టలో వేశాడు.

నాలుగున్నరకు అందరూ హాల్లో చేరారు. మేస్త్రీ ఫలకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. రెస్పెక్ట్ తరవాత ఓ చిన్న పువ్వు, దాని తరవాత సూపరింటెండెంటు గారి హోదా.

"ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదమ్మా," అన్నాడు టైపిస్టుతో. "ఖాళీ వదిలేస్తే బావుండదని పువ్వు చెక్కాను."

సూపరింటెండెంటు కళ్లజోడు పెట్టుకుని ఆ వాక్యాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చదివాడు.

"తప్పు లేదు," అన్నాడు.

ఐదుకు ఆరు నిమిషాలుండగా టైపిస్టు ఫైలు ఆయన ముందు పెట్టింది.

"ఒక్కసారి చదవండి సార్."

"చదివితే చుడతానమ్మా," అని కళ్లజోడు తీసేసి సంతకం చేశాడు.

వరండాలోకి వచ్చాక ఆమె ఆ కాగితాన్ని తొలిసారి స్థిమితంగా చదువుకుంది. రెండో వాక్యంలో ఓ మాట పూర్తిగా ఎగిరిపోయి ఉంది. ఫైలు మూసి గుండెకు హత్తుకుని, రెండో సంతకం కోసం గబగబా మెట్లెక్కింది.

ఆఫీసరు కూడా చదవలేదు.