ఆదిమూలం రక్తం పలచనైన రోజు

ఆ ఉదయం అమ్మణి పెట్టుకున్న పని చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా మొగుడి చేత నాలుగు ఇడ్లీలు తినిపించాలి, పైన ఒక మాత్ర మింగించాలి. అంతే.

ఆదిమూలం పెరంబూరు రైలుపెట్టెల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. పోయిన నెల పట్టుకున్న వైరస్ జ్వరం ఊపిరితిత్తుల దాకా పాకి, తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉండి వచ్చాడు. అలాంటి జ్వరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుందనీ, ఆయనకు ఇదివరకే ఒకసారి కాలిలో గడ్డకట్టింది కాబట్టి ఇంటికెళ్ళాక కూడా నెలరోజులు రక్తం పలచబడే మాత్రలు వాడాలనీ డాక్టరు చెప్పాడు. ఒక్క పూట తప్పకూడదు, ఒంటికి గాయం కాకూడదు. ఈ రెండో మాటను అమ్మణి ఎంత గట్టిగా పట్టుకుందంటే, గడ్డం గీసుకునే బ్లేడు కూడా తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేసింది. రెండు వారాల్లో ఆదిమూలం అచ్చం కాశీకి బయల్దేరిన వాడిలా తయారయ్యాడు.

ఏడున్నరకు రాయపురం నుంచి ఆడబిడ్డ అలివేలు ఫోను చేసింది.

"తమ్ముడు ఎట్లుండాడు అమ్మణీ?"

"బాగుండారు వదినా. రగతం పలచనయ్యేదానికి మాత్ర ఇస్తా ఉండాం."

చివరి మూడు మాటల మీద కుక్కరు కూత పెట్టింది. అటువైపు "అయ్యయ్యో, రగతం పలచనై పాయనా!" అన్న కేక వినిపించి ఫోను తెగిపోయింది. అమ్మణి తిరిగి చేస్తే లైను దొరకలేదు. అలివేలు అప్పటికే బంధువులందరికీ కబురు పెడుతోంది.

ఎనిమిదిన్నరకు తొండియార్‌పేటలోని ఆ ఇంటి ముందు ఆటో ఆగింది. అలివేలు ఒక చేతిలో మేక రక్తం వేపుడు గిన్నె, ఇంకో చేతిలో సంచెడు బీట్‌రూటుతో దిగింది. తమ్ముణ్ణి చూడగానే గుమ్మంలోనే నిలబడిపోయింది.

"గడ్డం గీసుకునేదానికి గూడా ఓపిక లేదా నాయనా!"

"ఓపికుందక్కా, బ్లేడే లేదు."

"ఏందేందో మాట్లాడతా ఉండాడే!" అని అలివేలు కళ్ళు ఒత్తుకుంది.

అమ్మణి వచ్చి, ఇది జబ్బు కాదు, పలచబడే మాత్రలు తామే ఇస్తున్నామని చెప్పింది. దాంతో సంగతి మరింత చెడింది.

"ఉండే రగతాన్ని నువ్వే నీళ్ళు చేస్తా ఉండావా?" అంటూ అలివేలు బల్లమీది మాత్రల అట్ట అందుకుని నడుముకు దోపుకుంది. "నా తమ్ముడు నాకు కావల్ల. ఇది సముద్రంలో పారేసి వస్తా."

ముప్పై నాలుగేళ్ళలో అమ్మణి ఆడబిడ్డకు ఎదురుచెప్పింది లేదు. ఇప్పుడు వీధితలుపు గడియ వేసి, దానికి ఆనించి కుర్చీ వేసుకుని కూర్చుంది.

"అట్ట ఇయ్యి వదినా. ఆయన మాత్ర మింగేదాకా ఈడ నుంచి ఎవురూ కదిలేది లేదు."

"నేను అరుస్తా!"

"అరుచుకో. తొమ్మిదికి ఇంకా పదిహేను నిమిషాలుండాయి."

అంతలో బయట వ్యాను ఆగింది. ఎవరో తలుపు దబదబా బాదారు. అమ్మణి కూర్చున్నచోటి నుంచే పక్క కిటికీలోంచి చూస్తే ఆదిమూలం చిన్నాన్న కొడుకు తిరువేంగడం. చేపల రేవులో ఐసు వ్యాపారం అతనిది. వెనక ఆరుగురు మనుషులు చొక్కా చేతులు పైకి మడిచి నిలబడి ఉన్నారు.

"వదినా, తలుపు తియ్యి! అన్నకి ఎంత రగతం కావాలన్నా తీసుకోండి. అందురూ గట్టి మనుషులు."

అమ్మణి కుర్చీలోంచి లేవలేదు. జ్వరమేమిటో, గడ్డకట్టడమేమిటో, ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతే ఏమవుతుందో డాక్టరు తనకు చెప్పినదంతా కిటికీ ఊచల మధ్య నుంచి వీధికంతటికీ వినబడేలా చెప్పింది. వాళ్ళలో, రక్తమిచ్చే ముందు బలం కావాలని ఆరు ఉడికిన గుడ్లు తిని వచ్చినవాడొకడు దిగాలుగా చొక్కా చేతులు దించుకున్నాడు. లోపల అలివేలు నడుములోంచి అట్ట తీసి బల్లమీద పెట్టింది. సరిగ్గా తొమ్మిదికి ఆదిమూలం నాలుగో ఇడ్లీ ముగించి మాత్ర మింగాడు.

అప్పుడుగానీ అమ్మణి గడియ తీయలేదు.

తిరువేంగడం గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ ఆగి ఆగి వేస్తూ గడప దాటాడు.

"కాలికేమాయ?"

"ఏమీ లే వదినా. ఐసుగడ్డ తగిలుంటాది."

అమ్మణి వంగి అతని ప్యాంటు పైకి లాగింది. ఎడమ పిక్క కుడిదానికన్నా లావుగా, ఎర్రగా ఉంది. చెయ్యి పెడితే వేడి. పదేళ్ళ కిందట ఆదిమూలం కాలు అచ్చం ఇలాగే ఉండింది.

"నీకూ జ్వరం వచ్చింది గదా?"

"మూడు వారాలాయ. పది దినాలు మంచం దిగలే."

"వ్యాను ఆస్పత్రికి తిప్పమను."

"సాయంత్రం పోతా వదినా. ఆడ ఐసు కరిగిపోతాది."

"కరగనీ. ఎక్కు."

రక్తమివ్వడానికొచ్చిన ఆరుగురూ కలిసి తిరువేంగడాన్ని ఎత్తి వ్యానులో పడుకోబెట్టారు. వెనకే అమ్మణి, అలివేలు ఎక్కారు.

ఆస్పత్రిలో స్కాను తీస్తే కాలి లోపలి రక్తనాళంలో పెద్ద గడ్డే కనిపించింది. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేమని డాక్టరు అన్నాడు. రక్తం పలచబడే ఇంజెక్షను వెంటనే వేయించాడు, ఆపైన మూడు నెలలు మాత్రలన్నాడు. అమ్మణి అప్పుడు బెంచీ మీద కూలబడి, ఆ పొద్దున మొదటిసారిగా మంచినీళ్ళు అడిగి తాగింది.

"నాలుగు రోజులుగా వాచి ఉంటే ఇంట్లో ఎవరికీ ఎందుకు చెప్పలేదు?" అని డాక్టరు తిరువేంగడాన్ని కసిరాడు.

తిరువేంగడం వాకిలి వైపు చూసి గొంతు తగ్గించాడు.

"చెప్తే అలివేలక్కకు తెలుస్తాది సార్."

బయట వరండాలో అలివేలు అప్పటికే నాలుగో ఫోను మాట్లాడుతోంది.